గోల్ఫ్ స్టిక్కుల గ్రిప్పులు ఇంట్లోనే మార్చుకోవచ్చా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో గోల్ఫ్ సామాను గురించి అడిగినవి చాలానే ఉన్నాయి, అనంతపురం, కర్నూలు, కడప మూడు పక్కల నుంచీ వచ్చినాయి, ఎవరు ఏం అడిగినా చివరికి గ్రిప్పు (స్టిక్కు పట్టుకునే చోట ఉండే రబ్బరు తొడుగు) దగ్గరికే వచ్చి ఆగినారు. అందుకని పేజీ మొత్తం దానికే ఇస్తున్నా. మన పక్క గోల్ఫ్ కోర్సు లేదు కదా, ఈ గొడవ మనకెందుకు అనుకోవద్దండి. బెంగళూరికో హైదరాబాదుకో పోయి ఆడేవాళ్లు, మిద్దె మీద వల కట్టుకుని కొట్టేవాళ్లు మనలో ఉన్నారు, రిపేరు షాపు దూరంగా ఉండే మనలాంటి వాళ్లకే ఈ పని చేతికి రావాల్సింది.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది అనంతపురం. పెనుకొండ పక్క పనిచేసిన కొరియా సారు ఒకాయన వాళ్ల దేశానికి పోతా పోతా తన పాత గోల్ఫ్ సెట్టు నాకిచ్చి పోయినాడు. అప్పుడప్పుడు బెంగళూరు పోయి రేంజిలో (బాల్స్ కొట్టి ప్రాక్టీసు చేసే మైదానంలో) కొడతాండా. గ్రిప్పులు గట్టిపడిపోయినాయి, చెమట పడితే స్టిక్కు చేతిలో తిరిగిపోతాంది. షాపులో మార్పిద్దామంటే సెట్టు అక్కడే పెట్టి పోయి మళ్లీ రమ్మంటాండారు, దానికోసం ఇంకోసారి అంత దూరం పోవాల. ఇంట్లో చేసుకోవచ్చా? ఏమేం కావాల?

జవాబు: చేసుకోవచ్చు తమ్ముడూ, ధైర్యంగా చేసుకో. ఒక్క గ్రిప్పులు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, మిగతా సామానంతా పెయింట్ల షాపులో, హార్డ్‌వేర్ షాపులో దొరికేదే. ముందు ఎందుకు మార్చాలో ఒక మాట చెప్తా, ఎందుకంటే చాలామంది డ్రైవర్ (దూరం కొట్టే పొడుగు స్టిక్కు) కొత్తది కొంటారు, బాల్స్ ఖరీదైనవి కొంటారు, గ్రిప్పు సంగతి మాత్రం పట్టించుకోరు. స్టిక్కుకు మన చేయి తగిలేది ఆ పది పదకొండు అంగుళాల రబ్బరు దగ్గరే. అది జారిపోతాంటే మనకు తెలీకుండానే ఇంకా గట్టిగా బిగిస్తాం, ముంజేయి కొయ్యబారిపోతుంది, మణికట్టు తిరగాల్సిన చోట తిరగదు, బాల్ ఎటో పోతుంది, తప్పు స్వింగుదనుకుని స్వింగు మార్చుకుంటాం. గ్రిప్పులు తయారుచేసే గోల్ఫ్ ప్రైడ్ వాళ్లు ఏడాదికోసారి గానీ 40 రౌండ్లకోసారి (రౌండు అంటే ఒక పూర్తి ఆట) గానీ మార్చమంటారు. రబ్బరుకు ఎండ, వేడి, చేతి చెమటలో ఉండే జిడ్డు, ఈ మూడూ పడవు, మన అనంతపురంలో మూడూ దండిగా ఉంటాయి, ఎండాకాలంలో సెట్టును కారు డిక్కీలోనే వదిలేస్తే ఆడకపోయినా గట్టిపడుతుంది.

కొనే ముందు కొలత చూసుకోవాలి, నన్నడిగితే పనంతట్లో ముఖ్యమైనది ఇదే. పాత గ్రిప్పు ఒకటి కోసేసినాక బయటపడే షాఫ్ట్ (స్టిక్కు కడ్డీ) పైచివర అడ్డకొలత చూడు. ఎక్కువ క్లబ్బులకు (స్టిక్కులనే క్లబ్బులంటారు) 0.580 అంగుళం గానీ 0.600 అంగుళం గానీ ఉంటుంది, అంటే సుమారు 14.7 మిల్లీమీటర్లు, 15.2 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి చూస్తే ఈ తేడా తెలీదు, దగ్గర్లో ఏ లేత్ షాపుకు పోయినా సన్న తేడాలు కొలిచే వెర్నియర్ ఉంటుంది, ఒక నిమిషం పని. కొత్త గ్రిప్పు మూతి (తెరిచి ఉండే చివర) లోపల 58 అనో 60 అనో వేసి ఉంటారు, దేనికి అది కొంటే గొడవే లేదు. 60 షాఫ్ట్‌కు 58 గ్రిప్పు ఎక్కిస్తే రబ్బరు సాగి కొంచెం లావైపోతుంది, 58 షాఫ్ట్‌కు 60 గ్రిప్పు వేస్తే కొంచెం సన్నంగా కూర్చుంటుంది. అడుగున నిలువునా చిన్న ఉబ్బు ఉండే రిబ్ గ్రిప్పులని కూడా ఉంటాయి, వేళ్లు ప్రతిసారీ ఒకే చోట పడటానికి అవి బాగుంటాయి కానీ ఎక్కించేటప్పుడు ఏ కొంచెం వంకర పోయినా ఆడినన్నాళ్లూ చేతికి తెలుస్తుంది, మొదటిసారి చేసేవాళ్లు గుండ్రటివే తీసుకోండి. చెమట ఎక్కువ పట్టే చేతులైతే రబ్బర్లో దారం కలిపిన కార్డ్ గ్రిప్పు చూడు, గరుగ్గా ఉంటుంది కానీ తడిసినా జారదు. ఎన్ని కొనాలంటే, రూలు ప్రకారం ఆడేటప్పుడు బ్యాగులో 14 క్లబ్బులకు మించి ఉండకూడదు, నీ సెట్టు నిండుగా ఉంటే పటర్ (బాల్‌ను గుంటలోకి మెల్లగా నెట్టే స్టిక్కు) తీసేసి 13, పటర్‌కు వేరే రకం.

మిగతా సామాను: రెండంగుళాల డబుల్ సైడ్ టేపు, మినరల్ టర్పెంటాయిల్, హుక్ బ్లేడు (కొక్కెం మాదిరి వంగిన బ్లేడు), పాత సైకిల్ ట్యూబు ముక్క, ఒక ట్రే, పాత గుడ్డలు, ఒక గోల్ఫ్ టీ (బాల్‌ను నిలబెట్టే చిన్న మేకు). టేపు అడిగేటప్పుడు జాగ్రత్త, షాపుల్లో ఎక్కువగా స్పాంజి ఉండే మందం టేపు ఇస్తారు, ఫోటోలు గోడకు అంటించేది, అది పనికిరాదు, కాగితం మాదిరి పల్చటిది కావాలని అడుగు.

ఇంక పని. సెట్టు మొత్తం ఒకేసారి కోసి కూర్చోవద్దు, తక్కువ వాడే ఐరన్ (లోహపు పల్చటి తల ఉండే స్టిక్కు) ఒకటి తీసుకుని మొదటి నుంచి చివరి దాకా పూర్తి చెయ్, చేతికి అలవాటైనాక మిగతావి. పాత గ్రిప్పు ఎక్కడ ముగుస్తాందో షాఫ్ట్ మీద పెన్సిల్‌తో గీత పెట్టుకో. హుక్ బ్లేడుతో మూతి వైపు నుంచి పైకి, నీ ఒంటికి అవతలి వైపుకు లాగుతా కోస్తే గ్రిప్పు రెండుగా విచ్చుకుంటుంది, ఒలిచేసెయ్. దాని కింద పాత టేపు ఉంటుంది, దాంతోనే అసలు విసుగు, సగం టైము దానికే పోతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రైయర్‌తో కాస్త వెచ్చబెట్టి గోటితో లాగు, మిగిలిన జిగురు టర్పెంటాయిల్ గుడ్డతో తుడువు, ఒక్క పేలిక మిగిలినా కొత్త గ్రిప్పు కింద బొడిపె మాదిరి తగులుతుంది కాబట్టి ఇక్కడ తొందర పడొద్దు.

షాఫ్ట్ శుభ్రంగా ఆరినాక దానికి సైకిల్ ట్యూబు చుట్టి బెంచ్ వైసులో మెత్తగా బిగించు, వైసు లేకపోతే హెడ్డును (స్టిక్కు కింది తలను) రెండు పాదాల మధ్య పట్టుకున్నా సరిపోతుంది. డబుల్ టేపును షాఫ్ట్ పొడుగునా పెట్టి ఒక్క పొర చుట్టు, పెన్సిల్ గీత దాటకూడదు, పైన మాత్రం అర అంగుళం ఎక్కువ వదిలి దాన్ని మెలిపెట్టి షాఫ్ట్ గొట్టం లోపలికి నొక్కెయ్, అట్ల చేస్తే ఆయిల్ లోపలికి పోదు, షాఫ్ట్ అంచుకు గ్రిప్పు తెగదు. టేపు మీద కాగితం ఒలిచెయ్.

ఇప్పుడు గ్రిప్పు మూసి ఉన్న చివర చిన్న చిల్లు ఉంటుంది, దాంట్లో టీ గుచ్చి మూసి, గ్రిప్పు లోపల పావు వంతు టర్పెంటాయిల్ పోసి, మూతి వేలితో అదిమిపెట్టి బాగా గిలకరించు. కింద ట్రే పెట్టుకుని ఆ ఆయిల్‌నే టేపు మీద మొత్తం తడిసేట్టు పొయ్యి. తడిసిన టేపు జిగురు పోయి జారుడుగా మారుతుంది, ఆయిల్ ఎగిరిపోయినాక మళ్లీ పట్టుకుంటుంది, ఈ పని కిటుకంతా ఇదే. టీ పీకేసి, గ్రిప్పు మూతిని వేళ్లతో కొంచెం నొక్కి తెరిచి షాఫ్ట్ మీద పెట్టి, మధ్యలో ఆగకుండా ఒక్క తోపుకు చివరిదాకా తోసెయ్. పైచివర గట్టిగా తగిలే దాకా పోవాలి, అరచేత్తో ఒకటి తట్టు. ఆ వెంటనే వైసులోంచి తీసి హెడ్డు నేల మీద పెట్టు, ఇంట్లో కడప బండలు పరిచి ఉంటే రెండు బండల మధ్య అతుకు గీత తిన్నగా ఉంటుంది, క్లబ్బు ఫేసు (హెడ్డులో బాల్‌కు తగిలే ముఖం) దానికి సరిగ్గా ఆనించి పై నుంచి చూస్తా గ్రిప్పు మీద గుర్తు మధ్యకు వచ్చేట్టు తిప్పుకో. దీనికి నీకుండే టైము ఒక నిమిషం, అంతకంటే ఎక్కువ ఆశించొద్దు. టర్పెంటాయిల్ చల్లటి దేశాల్లో నిదానంగా ఆరుతుంది, అక్కడ వాళ్లు చేసిన వీడియోలు చూసి మే నెలలో మధ్యాహ్నం మిద్దె మీద మొదలుపెడితే నువ్వు గ్రిప్పు ఎత్తే లోపే టేపు ఆరిపోతుంది. మన దగ్గర పొద్దున్నే ఏడు లోపల, నీడలో, ఫ్యాన్ ఆపి చెయ్యాలి. చేసినాక ఒక రోజు కదపకుండా వదిలెయ్.

ప్రశ్న: సార్, మేం కర్నూల్లో స్పోర్ట్స్ సామాన్లు అమ్ముతాం. క్రికెట్ బ్యాట్ గ్రిప్పులు కోన్ పెట్టి రోజూ ఎక్కిస్తాం, గోల్ఫ్ గ్రిప్పు కూడా కోన్‌తో ఎక్కించలేమా? ఇంకొకటి, టర్పెంటాయిల్ బదులు పెట్రోల్ వాడితే తొందరగా ఆరుతుందని ఒకాయన చెప్పినాడు, నిజమేనా? కొన్ని స్టిక్కులు నల్లగా ఉన్నాయి, అవి కార్బన్‌వి అంటున్నారు.

జవాబు: కోన్ కుదరదండి. బ్యాట్ గ్రిప్పు రెండు పక్కలా తెరిచి ఉండే పల్చటి గొట్టం, కోన్ మీదకు చుట్టి పిడి మీదకు దొర్లించేస్తారు. గోల్ఫ్ గ్రిప్పు ఒక చివర మూసి ఉంటుంది, గోడ మందం, పైన లావుగా మొదలై కిందికి సన్నబడతా పోతుంది, దాన్ని చుట్టలేం, తొడగాల్సిందే. కానీ రోజూ బ్యాట్లకు చేస్తాండారు కాబట్టి చెయ్యి తిరిగి ఉంటుంది, ఈ పని మీకు సులువుగానే వస్తుంది, షాపులో మొదలుపెట్టండి, ఊరికి పనికొచ్చే పని.

పెట్రోల్ మాత్రం వద్దే వద్దు. తొందరగా ఆరుతుందనే మాట నిజమే, అందుకే వద్దంటున్నా, అంత తొందరగా ఎగిరే ఆవిరి గదిలో నిండి ఎక్కడో స్విచ్ వేసిన నిప్పురవ్వకు అంటుకుంటుంది, కర్నూలు ఎండలో మూసిన షాపులో ఆ పని చేస్తే ఇంకా ప్రమాదం. టర్పెంటాయిల్ కూడా అంటుకునేదే, కాకపోతే అంత త్వరగా ఎగరదు, దాంతో కూడా తలుపులు తెరిచి, పొయ్యికి, బీడీ సిగరెట్లకు దూరంగా చెయ్యండి, తడిసిన గుడ్డలు బయట పరిచి ఆరబెట్టి తర్వాత పారెయ్యండి. కిరోసిన్ వాడేవాళ్లు ఉన్నారు, అది జిడ్డు వదిలిపోతుంది, గ్రిప్పు పట్టదు. పెయింటర్ల గట్టి థిన్నరు రబ్బరును, షాఫ్ట్ మీది రంగును తినేస్తుంది. నీళ్లతోనే జారేట్టు చేసిన టేపులు కూడా అమ్ముతారు, షాపులో చేసేవాళ్లకు అది మంచిది. పంక్చర్ షాపుల్లో ఉండే ఎయిర్ కంప్రెసర్‌తో గాలి కొట్టి గ్రిప్పును ఉబ్బించి ఎక్కించే పద్ధతి కూడా ఉంది, దానికి డబుల్ టేపు కాకుండా మామూలు మాస్కింగ్ టేపు ఒక్క పొర వేస్తారు, ఆరే పని ఉండదు, మళ్లీ గాలి కొట్టి చెక్కుచెదరకుండా తీసుకోవచ్చు కూడా. ప్రెషర్ ఎక్కువైతే గ్రిప్పు చిట్లి ముఖాన కొడుతుంది, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు.

నల్లటి స్టిక్కుల సంగతికొస్తే, ముందు అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే రంగేసిన స్టీలు, అంటకపోతే గ్రాఫైట్ అనుకోవచ్చు. గ్రాఫైట్ షాఫ్ట్ అంటే సన్నటి కార్బన్ పోగులు జిగురులో పెట్టి పొరలు పొరలుగా చుట్టింది. తిన్నటి కటింగ్ బ్లేడు దిగి ఆ పోగులు తెగినాయంటే పైకి సన్న గీతే కనిపిస్తుంది, ఆ తర్వాత ఎప్పుడో ఫుల్ స్వింగులో అక్కడే పుటుక్కుమంటుంది, విరిగిన ముక్క పక్కవాళ్లకు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే హుక్ బ్లేడు, అది కూడా లోతుగా నొక్కకుండా. కత్తితో టేపు గీకకూడదు, హీట్ గన్ పెట్టకూడదు, పొరలను పట్టి ఉంచే జిగురు వేడికి మెత్తబడుతుంది. వైసులో కూడా చేతికి ఆడినంత బిగువు చాలు, ఇంకో చుట్టు తిప్పితే షాఫ్ట్ నలిగిపోతుంది. వేరేవాళ్ల స్టిక్కులు చేతిలో పెట్టుకుని చేసే పని కాబట్టి మీకు ఇంత గట్టిగా చెప్తాండా.

ప్రశ్న: అన్నా, కడప నుంచి రాస్తున్నాను. అదితి అశోక్ ఆట చూసి మా పాప గోల్ఫ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది, పదకొండేళ్లు. మా బావగారి దగ్గర పాత స్టిక్కులు ఉన్నాయి, కోసి పొట్టివి చేసి కొత్త గ్రిప్పు వేస్తే సరిపోతాయా?

జవాబు: చెల్లెమ్మా, పాప కోరిక విని చాలా సంతోషమేసింది. అదితి మన పక్క బెంగళూరు అమ్మాయే, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఒక్క షాటు తేడాతో పతకం పోయింది, ఆ నాలుగు రోజులు గోల్ఫ్ అంటే తెలీనివాళ్లు కూడా టీవీ ముందు కూర్చున్నారు. కానీ మగవాళ్ల స్టిక్కు కోసి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. షాఫ్ట్ పొట్టిదైతే గట్టిపడుతుంది, కింద హెడ్డు బరువు అంతే ఉంటుంది, పాప దాన్ని మోయలేక ఒళ్లంతా వంచి కొట్టడం నేర్చుకుంటుంది, ఆ అలవాటు తర్వాత పోదు. ఇంకో చిక్కు గ్రిప్పుదే, షాఫ్ట్ పైన లావుగా ఉండి కిందికి సన్నబడతా పోతుంది, నాలుగైదు అంగుళాలు కోస్తే మిగిలిన పైచివర సన్నగా ఉంటుంది, మామూలు గ్రిప్పు వదులైపోతుంది. పెద్ద సెట్టు అక్కర్లేదు, పిల్లల కోసం చేసిన తేలికైనవి రెండు మూడు స్టిక్కులు కొనండి చాలు. వాటికి గ్రిప్పు మార్చాల్సి వస్తే జూనియర్ గ్రిప్పులని లోపల చిల్లు చిన్నగా ఉండేవి వేరే ఉంటాయి. సరిపోయిందో లేదో ఇట్ల చూడండి: ఎడమ చేత్తో మామూలుగా పట్టుకోమనండి, మధ్య వేలు, ఉంగరం వేలు కొసలు బొటనవేలి కింది కండను అలా తాకీ తాకనట్టు ఉండాలి. గోళ్లు కండలో గుచ్చుకుంటాంటే సన్నం, మధ్యలో సందు కనిపిస్తే లావు. పాప ఎడమచేతి వాటమైతే కుడి చేత్తో చూడండి.

ప్రశ్న: కొత్త గ్రిప్పు సగం ఎక్కి ఆగిపోయింది అన్నా, ముందుకూ పోదు, వెనక్కీ రాదు. ఏం చెయ్యాల? (గుంతకల్లు నుంచి)

జవాబు: ఆగిన క్షణంలోనే వెనక్కి లాగేసి ఉంటే వచ్చేది, బలంగా ముందుకు తోస్తా ఉంటే ఆ లోపల ఆరిపోయింది. బాల్‌కు గాలి కొట్టే సూది ఉంటుంది కదా, సిరంజికి బిగించి మూతి దగ్గర గ్రిప్పుకూ షాఫ్ట్‌కూ మధ్య దూర్చి టర్పెంటాయిల్ కొంచెం కొంచెం ఎక్కించు, చుట్టూ మెల్లగా తిప్పుతా ఉంటే వదులవుతుంది. వస్తే పాత టేపు తీసేసి కొత్తది వేసి మళ్లీ చెయ్, తడిసి ముడతలు పడిన టేపు మీదే తోయొద్దు. రాకపోతే కోసెయ్, ఒక్క గ్రిప్పు పోతే పోయింది, షాఫ్ట్ పాడుచేసుకోవద్దు. ఎప్పుడైనా ఒకటి రెండు గ్రిప్పులు ఎక్కువే తెప్పించుకోవాలి. ఆయిల్ దగ్గర పిసినారితనం కూడా వద్దు, ట్రేలో పడింది మళ్లీ వాడుకోవచ్చు, టేపు మీద ఒక్క చోట పొడిగా మిగిలినా గ్రిప్పు అక్కడే ఆగుతుంది.

ప్రశ్న: మా నాన్న రిటైరైనాక గోల్ఫ్ మొదలుపెట్టినారు, ఇప్పుడు వేళ్ల కీళ్లు నొప్పులంటున్నారు. లావు గ్రిప్పు వేస్తే మేలా? (ప్రొద్దుటూరు)

జవాబు: చాలామందికి మేలు చేస్తుంది, లావుగా ఉంటే వేళ్లు అంత ముడవాల్సిన పని ఉండదు, తక్కువ బిగువుతో పట్టు నిలుస్తుంది. మామూలు గ్రిప్పు పైచివర నుంచి రెండంగుళాల కింద 0.900 అంగుళం అడ్డకొలత ఉంటుంది, మిడ్‌సైజ్ అంటే దానికంటే అంగుళంలో 16వ వంతు ఎక్కువ, జంబో అంటే 8వ వంతు. ఒకేసారి అంత ఖర్చు పెట్టకుండా ఒక్క 7 ఐరన్‌కు ప్రయత్నం చెయ్యండి, డబుల్ టేపు కింద మాస్కింగ్ టేపు పొరలు వేస్తే మామూలు గ్రిప్పే లావవుతుంది, ఒక్కో పొరకు అంగుళంలో 64వ వంతు పెరుగుతుందని లెక్క, నాలుగు పొరలు వేస్తే మిడ్‌సైజ్ దగ్గరికొస్తుంది. నాన్నగారు ఆ ఒక్క స్టిక్కుతో కొన్నాళ్లు ఆడి బాగుందంటే అప్పుడు సెట్టు మొత్తానికి మిడ్‌సైజ్ కొనండి. మెత్తటి రబ్బరు రకమే తీసుకోండి, కార్డ్ గ్రిప్పు ఆయన చేతులకు వద్దు. లావు గ్రిప్పులు కొన్ని బరువు కూడా ఎక్కువ ఉంటాయి, పైన నాలుగైదు గ్రాములు పెరిగినా కింద హెడ్డు తేలికైనట్టు అనిపిస్తుంది, మామూలు గ్రిప్పు 50 గ్రాముల దగ్గర ఉంటుంది కాబట్టి కొనేటప్పుడు బరువు కూడా చూడండి. నొప్పి తగ్గకపోతే మాత్రం ఎముకల డాక్టరుకు చూపించాలి, గ్రిప్పు దానికి మందు కాదు.

ప్రశ్న: పటర్ గ్రిప్పు ముందు పక్క చదునుగా ఉంది, దాన్ని ఎట్ల నిలబెట్టాలి? మార్చినాక ఎట్ల చూసుకోవాలి? (ఆదోని)

జవాబు: గుండ్రంగా లేని గ్రిప్పు రూలు ప్రకారం పటర్‌కు ఒక్కదానికే చెల్లుతుంది, మిగతా క్లబ్బుల గ్రిప్పులు గుండ్రంగానే ఉండాలి (ముందు చెప్పిన నిలువు రిబ్ ఉండొచ్చు), వేళ్లకు గుంటలు పెట్టిన ట్రైనింగ్ గ్రిప్పులు ఇంట్లో ప్రాక్టీసుకు సరే గానీ ఆటలో పనికిరావు. పటర్ ఎక్కించేటప్పుడు గ్రిప్పు మీది గుర్తును నమ్మొద్దు, అది ఒక్కోసారి మధ్యలో ఉండదు, ఫేసును గోడకు ఆనించి చదును పక్క మీద స్కేలు అడ్డంగా పెట్టి చూడండి, స్కేలు గోడకు సరిగ్గా 90 డిగ్రీల్లో రావాలి. చదును పక్కన బొటనవేళ్లు రెండూ పడతాయి కాబట్టి కొంచెం వంకర ఉన్నా ఫేసు ప్రతి పుట్‌కూ (పటర్‌తో కొట్టే ప్రతి దెబ్బకూ) అటో ఇటో తిరిగిపోతుంది, పటర్ దగ్గర మాత్రం సరిగ్గా వచ్చేదాకా వదలొద్దు, అవసరమైతే ఇంకో మనిషిని పక్కన పెట్టుకుని చూడమనండి. తర్వాత చూసుకోవడం సులువే: గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో సబ్బంతా తుడిచి, నీడలో ఆరబెట్టండి. నెలకోసారి చేస్తే చాలు, వేసవిలో ఆడినప్పుడల్లా కనీసం తడిగుడ్డతో తుడవండి, సెట్టును కారులో కాకుండా ఇంట్లో పెట్టండి.